కుర్చీ రహిత పురపాలక సంఘం

రత్నమాణిక్యం గారి మోకాళ్ల సంగతి కోటిలంక మునిసిపాలిటీలో తెలియనివాళ్లు లేరు. జనన మరణాల విభాగంలో ఆవిడ సీనియర్ అసిస్టెంటు. కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఆ మోకాళ్లు టక్కు టక్కుమని రెండుసార్లు పలికేవి. పక్క విభాగాలవాళ్లు ఆ చప్పుడు విని, "ఆవిడ లేచారు, టీ వేళయింది" అని ఫైళ్లు మూసేసేవాళ్లు. గోడ గడియారం ఆగిపోయి ఆరేళ్లయినా ఆఫీసుకి ఏ లోటూ రాలేదంటే అది ఆ మోకాళ్ల చలవే.

నొప్పి మొదలైన కొత్తలో ఆఫీసంతా వైద్యం చెప్పింది. ఒకరు రాత్రంతా బెండకాయలు నానబెట్టిన నీళ్లు పొద్దున్నే తాగమన్నారు. ఆ జిగురు సరాసరి వెళ్లి మోకాట్లో చేరుతుందట. ఏ దారిన వెళ్తుందో మాత్రం చెప్పలేదు. ఇంకొకరు పొట్టేలు కాళ్ల సూపు తాగమన్నారు, కాళ్లకి కాళ్లే మందు అన్నారు. పన్నుల విభాగంలో ఒకాయన కీళ్లలో గుజ్జు పెంచే బిళ్లలు తెప్పించి పెట్టాడు. ఇవన్నీ ఆర్నెల్లు మింగి, తాగి, పూసుకున్నాక కూడా ఆవిడ బస్సు దిగాలంటే కండక్టరు చెయ్యి పట్టుకోవాల్సొచ్చేది. చివరికి విసుగెత్తి ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరు హైమవతి గారి దగ్గరికి వెళ్లింది.

డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పట్టి చూపించింది. "చూడండమ్మా, ఈ రెండెముకల మధ్య మెత్తటి పొర ఉండాలి. అరిగింది. అరిగింది తిరిగిరాదు, బెండకాయలతో మొలవదు. కానీ చుట్టూ ఉన్న కండ గట్టిపడిందనుకోండి, బరువు అది మోస్తుంది. నేలమీద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు. ఎత్తు కుర్చీలో కూర్చోండి. కూర్చున్నచోటే కాలు తిన్నగా చాపి, పది లెక్కపెట్టి దించండి. రోజూ కాస్త నడవండి. ఓ నాలుగు కిలోలు తగ్గండి."

"మందేం లేదా డాక్టరు గారూ?"

"ఇదే మందు. నొప్పి మరీ ఎక్కువైన రోజున వేసుకోడానికి బిళ్ల రాస్తాను. కానీ ఆ బిళ్ల మీ బదులు కాలెత్తదు కదా!"

రత్నమాణిక్యం గారు మాట పట్టిందంటే వదిలే మనిషి కాదు. తన టేకు కుర్చీ నాలుగు కాళ్ల కిందా వడ్రంగి చేత నాలుగంగుళాల దిమ్మలు కొట్టించింది. కాలెత్తడం మర్చిపోకుండా దాన్ని ముద్రకి ముడిపెట్టింది. జనన ధ్రువపత్రం మీద ముద్ర వేస్తే కుడికాలు లేవాలి. మరణ ధ్రువపత్రానికైతే ఎడమకాలు. పుట్టినవాళ్లకొకటి, పోయినవాళ్లకొకటి. వానాకాలం జ్వరాల్లో ఎడమ తొడ కాస్త ఎక్కువ గట్టిపడేది, శీతాకాలంలో పురుళ్లు పెరిగి కుడిది దాన్ని అందుకునేది. ఎనిమిది నెలలు గడిచేసరికి ఆవిడ బస్సు తనంతట తనే దిగి, మార్కెట్టు దాకా నడిచి, వంకాయలు బేరమాడి మరీ ఇంటికెళ్లడం మొదలెట్టింది. మోకాళ్లు పలకడం మానలేదు గానీ ఆ పలుకులో పూర్వపు ఏడుపు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమిషనర్ ఉమాకాంత్ గారు కొండమీద ఎక్కడో జరిగిన అయిదు రోజుల శిబిరానికి వెళ్లొచ్చారు.

వెళ్లేటప్పుడు ఆయన మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పటికి మొహంలో ఏదో తేజస్సు, చేతిలో చాప. అందర్నీ హాలులోకి పిలిపించారు. "మిత్రులారా! మన పూర్వీకులు నేలమీద కూర్చున్నారు. నేలమీద తిన్నారు. నేలమీద పడుకున్నారు. వాళ్లకి మోకాళ్ల నొప్పులున్నాయా?" అని అడిగారు. పూర్వీకుల్లో ఎవరూ హాలులో లేరు గనక సమాధానం రాలేదు. "లేవు! భూమితో సంబంధం తెంచుకున్నాం కాబట్టే మనకీ తిప్పలు. దీనికి శాస్త్రీయ నామం భూస్పర్శాలోపం."

శాస్త్రం అన్నాక సర్వే ఉండాలి. మేనేజరు పానకాలరావు గారు మూడు రోజులు సర్వే చేశారు. ఆఫీసులో నలభై ఒక్కరికి మోకాళ్ల నొప్పులున్నాయని తేలింది. ఆ నలభై ఒక్కరూ, ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా, కుర్చీల్లోనే కూర్చుంటున్నారని కూడా తేలింది. ఇంతకన్నా రుజువేం కావాలి? రోడ్లూడ్చే పారిశుద్ధ్య కార్మికుల్ని మాత్రం సర్వేలో చేర్చలేదు. సర్వే నమూనాలో మొదటి ప్రశ్న 'మీ ఆసనం ఎక్కడ?' అని ఉంది, వాళ్లకి ఆసనమే లేదు. అందువల్ల వాళ్ల మోకాళ్లు లెక్కలోకి రాలేదు.

సోమవారానికల్లా సర్క్యులర్ గోడెక్కింది.

'ఈ పురపాలక సంఘమును రాష్ట్రమునందు ప్రథమ కుర్చీ రహిత పురపాలక సంఘముగా తీర్చిదిద్దు సంకల్పములో భాగముగా, సిబ్బంది యావన్మందియు నేటినుండి నేలపై ఆసీనులై విధులు నిర్వర్తించవలెను. కుర్చీలు, స్టూళ్లు, బెంచీలు తదితర భూవిరోధ సామగ్రి స్టోరు గదిలో భద్రపరచబడును. నెల దినములలోగా భూస్పర్శకు అలవాటుపడని ఉద్యోగులు అనారోగ్య కారణములచే స్వచ్ఛంద పదవీ విరమణ కోరినట్లు భావించబడుదురు.'

రత్నమాణిక్యం గారు ఆఖరి వాక్యం రెండుసార్లు చదివింది. పదవీ విరమణకి ఇంకా మూడేళ్లుంది. "నేను కోరకుండానే కోరినట్టు ఎలా భావిస్తారండీ?" అని పానకాలరావు గారిని అడిగింది.

"భావించడం ఆయన హక్కు మేడమ్. కోరడం మీ హక్కు. రెండూ వేర్వేరు," అన్నాడాయన, చాప చుట్టుకుంటూ.

దిమ్మలతో సహా ఆవిడ టేకు కుర్చీని మోసుకుపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మానికి తగిలి ఒక దిమ్మ ఊడి పడింది. రత్నమాణిక్యం గారు దాన్ని తీసి కౌంటరు కింది అరలో దాచుకుంది. ఏడుపొచ్చిందావిడకి. కుర్చీ కోసం ఏడవడమేమిటని తన్ను తానే కసురుకుంది గానీ కళ్లు మాట వినలేదు.

కుర్చీలు పోయాయి. బల్లలు పోయాయి. కౌంటరు మాత్రం సిమెంటుది కాబట్టి ఎక్కడికీ పోలేదు. జనం కౌంటరు ముందు నిలబడితే అవతల మనుషులు కనిపించేవాళ్లు కాదు. "ఎవరండీ అక్కడా?" అంటే కిందనించి "దరఖాస్తు పడెయ్యండి!" అని గొంతు వచ్చేది. పడేస్తే కాసేపటికి ఒక చెయ్యి పైకి లేచి, ముద్ర పడిన కాగితం కౌంటరు మీద పెట్టి మాయమయ్యేది. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ఒక ముసలాయన ఆ చెయ్యి చూసి కెవ్వుమన్నాడు. ఆయన్ని తేర్చి పంపేటప్పటికి అర్ధగంట పట్టింది.

కూర్చోవడం ఎలాగో కూర్చున్నారు. చిక్కంతా లేవడంలో వచ్చింది. మొదటిరోజు అయిదింటికి గంట కొడితే సగం ఆఫీసు లేవలేకపోయింది. ఒకరు గోడ పట్టుకున్నారు, ఒకరు పక్కవాళ్ల భుజం పట్టుకున్నారు, ఆ పక్కవాళ్లు కూడా లేవబోతున్నవాళ్లే కావడంతో ఇద్దరూ కలిసి కూలబడ్డారు. మర్నాడు కమిషనర్ గారు 'ఉత్థాన వేళలు' ప్రకటించారు. పదకొండింటికి, ఒంటిగంటకి, అయిదింటికి. ఆ మూడు వేళల్లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు పక్కనపెట్టి వచ్చి సిబ్బందిని లేపాలి. మధ్యలో లేవాలనిపిస్తే అది వ్యక్తిగత అవసరం కింద లెక్క.

రత్నమాణిక్యం గారిని లేపే వంతు సువార్తమ్మది. ఇరవయ్యారేళ్ల నుంచి ఆ ఆఫీసు ఊడుస్తోంది. లేపడానికి వంగినప్పుడు ఆవిడ మోకాళ్లు కూడా కటకటమన్నాయి.

"నీకూ ఉందా ఏమిటే నొప్పి?"

"నాకెప్పట్నించో ఉందమ్మగారూ. వంగి ఊడ్సేవోళ్లకి ఉండకుండా ఎట్టా ఉంటది? పట్టుకోండి, నా మెడ సుట్టూ సేతులెయ్యండి."

"నేల మనిషివి కదే! నేలకి నొప్పి రాదని సర్వేలో తేలింది."

"ఆ సర్వే ఆయన్ని ఓపాలి సీపురట్టుకోమనండి," అంది సువార్తమ్మ. ఇద్దరూ నవ్వుకుంటూ, మూలుగుతూ, నాలుగు మోకాళ్లూ ఒకేసారి పలికిస్తూ లేచారు.

పదిరోజులకి కుడి మోకాలు బూరెలా పొంగింది. ఎనిమిది నెలలు కష్టపడి సంపాదించుకున్న నడకంతా పోయింది. మళ్లీ బస్సు దిగడానికి కండక్టరు చెయ్యి కావాల్సొచ్చింది. డాక్టరు హైమవతి గారు మోకాలు చూసి, మనిషిని చూసి, "నేలమీద కూర్చోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదమ్మా! ఇలాగే ఇంకో నెల కూర్చుంటే మిమ్మల్ని ఆపరేషన్ బల్లమీదే చూడాల్సొస్తుంది," అని ఒక ఉత్తరం రాసిచ్చింది. ఈ రోగికి ఎత్తైన కుర్చీ తప్పనిసరి అని.

ఆ ఉత్తరం, పాత ఎక్స్‌రే పట్టుకుని ఆవిడ కమిషనర్ గారి గదికెళ్లింది. ఆయన చాపమీద పద్మాసనంలో ఉన్నారు. ఎక్స్‌రే అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఎప్పుడు తీసింది?"

"కిందటేడు సార్."

"అంటే మీరు కుర్చీలో కూర్చునే చీకటి రోజుల్లో తీసింది. అప్పటి మోకాలు వేరు, ఇప్పటి మోకాలు వేరు. అయినా ఈ ప్రభుత్వం మానవతా దృక్పథం లేనిది కాదు. ఆసన మినహాయింపు కమిటీకి 9-క నమూనాలో దరఖాస్తు పెట్టుకోండి."

కమిటీలో అయిదుగురు. అధ్యక్షుడు పానకాలరావు గారు. అందరూ యాభై అయిదు దాటినవాళ్లే. రత్నమాణిక్యం గారు వెళ్లేసరికి వరసగా చాపల మీద కూర్చుని ఉన్నారు. గదిలో నొప్పులకి రాసుకునే బామ్ వాసన గుప్పుమంటోంది. ఎవరి దగ్గర్నించి వస్తోందో ఎవరూ ఒప్పుకునే స్థితిలో లేరు.

పానకాలరావు గారు నియమావళి చదివారు. "దరఖాస్తుదారు కమిటీ సమక్షములో నేలపై ఆసీనులు కావలెను. అనంతరం ఎవరి సహాయమూ లేకుండా లేవవలెను. లేవగలిగినచో కుర్చీ అవసరం లేనట్లే గనుక దరఖాస్తు తిరస్కరించబడును."

"లేవలేకపోతే?"

"లేవలేకపోయినచో అర్హులుగా గుర్తించబడుదురు. వెంటనే లేచి, పక్కగదిలోని రిజిస్టరులో సంతకం చేయవలెను."

రత్నమాణిక్యం గారు అయిదుగురి మొహాలూ చూసింది. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. ఇంక చేసేదేముంది, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించింది. లేవలేదు. "అర్హులే," అన్నాడు పానకాలరావు గారు, కాగితం మీద టిక్కు పెడుతూ. "ఇక లేచి సంతకం పెట్టండి."

"లేవలేననే కదండీ అర్హత ఇచ్చారు!"

"అర్హత వేరు, సంతకం వేరు. సంతకం లేకపోతే అర్హత చెల్లదు."

"అయితే మీలో ఎవరైనా లేచి ఆ రిజిస్టరు ఇలా పట్రండి."

కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. "నియమావళిలో ఆ వెసులుబాటుందో లేదో చర్చించాలి," అన్నాడొకాయన. "కూలంకషంగా చర్చించాలి," అన్నాడింకొకాయన, ఎడమ మోకాలు నెమ్మదిగా నొక్కుకుంటూ. అప్పుడు అర్థమైంది రత్నమాణిక్యం గారికి. పోయిన ఉత్థాన వేళ పదకొండింటికి. ఇప్పుడు పదకొండున్నర. గదిలో ఆరుగురున్నారు, ఆరుగురిలో ఒక్కరూ లేవలేరు. ఒంటిగంటకి సువార్తమ్మా వాళ్లూ వచ్చేదాకా కమిటీ ఏకధాటిగా చర్చించింది. లేచాక భోజన విరామం కాబట్టి నిర్ణయం వాయిదా వేసింది.

"మీకందరికీ నొప్పులున్నాయి కదండీ, చెప్పరేం?" అని వసారాలో నిలదీసింది పానకాలరావు గారిని.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎలా చెప్తానమ్మా? నొప్పంటే భూమిమీద విశ్వాసం లేనట్టని ఆయన వార్షిక నివేదికలో రాసేస్తున్నారు. పైగా సర్వే చేసింది నేనేనాయె!"

నెల గడువుకి పద్నాలుగు రోజులు మిగిలాయి. స్వచ్ఛందంగా తనని ఎవరో ఇంటికి పంపేస్తారు, ఆపైన మోకాలు ఆపరేషన్ బల్లకి పంపేస్తుంది. ఆవిడ రికార్డు గదిలో గోడకి జారగిలబడి ఆలోచిస్తూ నిలబడింది. గది నిండా మరణ రిజిస్టర్లు. ఏడాదికొకటి, అంగుళం మందం, అట్టబైండు, ఎర్రగుడ్డ వీపు. అన్నిట్లోకీ లావైంది పెనుతుపాను ఏడాదిది, అది ఒక్కటే నాలుగంగుళాలుంటుంది.

సర్క్యులర్ మళ్లీ ఒకసారి మనసులో చదువుకుంది. కుర్చీలు, స్టూళ్లు, బెంచీలు. రిజిస్టర్ల ఊసు లేదు.

మర్నాడు కౌంటరు అవతల రత్నమాణిక్యం గారి తల కనిపించింది. జనం ఆశ్చర్యపోయి నమస్కారాలు పెట్టారు. అడుగున తుపాను ఏడాది, దాని మీద వరసగా పదిహేనేళ్ల మరణాలు, పైన మడిచిన దుప్పటి. లెక్కకి పంతొమ్మిది అంగుళాలు. కూర్చోబోయే ముందు ఆవిడ చెంపలేసుకుని, "తప్పుగా అనుకోకండి నాయనలారా, మీరైతే అర్థం చేసుకుంటారని..." అంది. ఊళ్లో పోయినవాళ్లంతా ఒక్కచోట చేరి ఆవిడని మోశారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బతికున్నవాళ్లలో ఒక్కడూ ఆ పని చెయ్యలేదు. జననానికి కుడికాలు, మరణానికి ఎడమకాలు మళ్లీ లేవడం మొదలెట్టాయి. పదిరోజుల్లో వాపు తీసింది.

ఇబ్బందల్లా పాత ధ్రువపత్రాలతోనే. ఎవరైనా వచ్చి ఫలానా ఏడాది కావాలంటే ఆవిడ లేచి, పీఠం విప్పి, ఆ ఏడాదిని లాగి, రాసిచ్చి, మళ్లీ పేర్చుకోవాలి. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఎత్తుమీంచి లేచి కూర్చోవడం మోకాలికి మంచి వ్యాయామమని డాక్టరు గారు అదివరకే చెప్పి ఉంది.

పట్టుబడ్డ రోజు గడువుకి ముందురోజు. "మృతుల పట్ల అగౌరవముగా, వారి వివరములపై ఆసీనులై" ఉన్నందుకు ఇరవై నాలుగ్గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేకపోతే రేపు సాయంత్రమే ఆవిడ స్వచ్ఛందంగా కోరుకున్నట్టు భావించేస్తారు.

ఆ రేపే తనిఖీ. రాష్ట్ర స్థాయి పురస్కారానికి కుర్చీ రహిత పురపాలక సంఘాన్ని పరిశీలించడానికి జాయింట్ డైరెక్టరు గారు వస్తున్నారు. లేపేవాళ్లు కనిపిస్తే బాగుండదని కమిషనర్ గారు పారిశుద్ధ్య కార్మికులందరినీ ఊరి చివరి వార్డులో మురుగు కాలవ పనికి పంపించేశారు.

జాయింట్ డైరెక్టరు గారు భారీ మనిషి. హాలులో పరిచిన తివాచీ చూసి ఒక్క క్షణం తటపటాయించారు. అందరూ చూస్తున్నారు కాబట్టి చిరునవ్వు నవ్వి, పానకాలరావు గారి భుజం ఊతగా కూర్చున్నారు. కమిషనర్ గారు ఎదురుగా పద్మాసనం వేశారు. సిబ్బంది వెనక వరసల్లో కూర్చున్నారు. రత్నమాణిక్యం గారికి మెమో ఉంది కాబట్టి వేదిక దగ్గరికి రానివ్వలేదు. రికార్డు గది గుమ్మంలో రిజిస్టర్ల మీద కూర్చుని చూస్తోంది. సాయంత్రానికి ఉద్యోగం పోయేదానికి ఇంక భయమేముంది?

ఉపన్యాసం గంటంపావు సాగింది. "...ఆ విధముగా, ఆర్యా, నలభై ఒక్క మందిలో ఏ ఒక్కరూ నేడు నొప్పి ఉన్నదని ఫిర్యాదు చేయుట లేదు," అని కమిషనర్ గారు ముగించారు. చప్పట్లు మోగాయి. జాయింట్ డైరెక్టరు గారు లేవబోయారు. లేవలేదు. రెండోసారి లేవబోయి, "అమ్మో!" అన్నారు. అందుకోడానికి కమిషనర్ గారు చటుక్కున లేవబోయి సగంలో ఆగిపోయారు. ఆయన మొహం పాలిపోయింది. "సార్, మీరు... మీరు అలాగే ఉండండి. ధ్యానం ఉంది. ఇప్పుడు ధ్యాన కార్యక్రమం," అన్నారు. పానకాలరావు గారు అందరికంటే ముందు కళ్లు మూసుకున్నాడు.

ధ్యానం ఇరవై నిమిషాలు జరిగింది. ఎవరూ లేవలేదు కాబట్టి ఇంకో పది నిమిషాలు పొడిగించారు. "ఉమాకాంత్ గారూ, నన్ను లేపించండి," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు, కళ్లు మూసుకునే, పళ్లు బిగించి.

టక్కు టక్కుమని చప్పుడైంది. హాలులో అందరూ కళ్లు తెరిచారు. రత్నమాణిక్యం గారు లేచి నిలబడింది.

నాలుగు రిజిస్టర్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "అలా ముందుకి లేవకండి సార్. పక్కకి తిరగండి. రెండు చేతులూ వీటి మీద ఆన్చండి. ఆ, ఇప్పుడు మంచి కాలు ముందుకి పెట్టండి."

"రెండూ మంచివి కావమ్మా!"

"అయితే తక్కువ చెడ్డది పెట్టండి."

పెట్టారు. ఒక్కో మెట్టూ పెంచుకుంటూ, ఒక్కో ఏడాదీ ఎక్కించుకుంటూ ఆవిడ ఆయన్ని తుపాను ఏడాది మీద పేర్చిన పీఠం దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టింది. జాయింట్ డైరెక్టరు గారు కాళ్లు కిందికి జారవిడిచి, కళ్లు మూసుకుని, "అబ్బా! ప్రాణం లేచొచ్చింది. ఎవరిదీ ఏర్పాటు?" అన్నారు.

కింద ఉన్న కమిషనర్ గారు రెప్పపాటు కూడా తడుముకోలేదు. "ఇది మా భూస్పర్శ రెండో దశ సార్. పూర్వీకాసనం. పూర్వీకుల్లాగా కూర్చోవడం మొదటి దశ, పూర్వీకుల మీదే కూర్చోవడం రెండో దశ!"

పురస్కారం వచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ మెమోని 'ఆవిష్కరణకు దారితీసినందున' ఉపసంహరించారు. మర్నాటికి కొత్త సర్క్యులర్ దిగింది. మరణ రిజిస్టర్లు సిబ్బందికి హోదాననుసరించి పంపిణీ చేయబడును. కమిషనర్ గారికి పద్దెనిమిది, మేనేజరుకి పన్నెండు, సీనియర్ అసిస్టెంట్లకి నాలుగు, జూనియర్లకి ఒకటి. చావులు అందరికీ చాలకపోవడంతో ఒకరిద్దరు జూనియర్లని జననాల మీద కూర్చోబెట్టారు. పంతొమ్మిది అంగుళాల ఎత్తు కనిపెట్టిన రత్నమాణిక్యం గారి వంతుకి నాలుగంగుళాలు వచ్చాయి.

ఆవిడ ఈసారి ఏడవలేదు. కాగితం తీసుకుని, నెల రోజులుగా ఒంటబట్టిన ఆఫీసు భాషలో రాసింది: రికార్డుల పరిరక్షణ నిబంధనల మేరకు రిజిస్టర్లు నేల చెమ్మకు తగలరాదు. స్టోరులో నిరుపయోగంగా ఉన్న చెక్క స్టాండ్లపై వాటిని ఉంచుటకు అనుమతి కోరుచున్నాను.

ఫైలు చూసి కమిషనర్ గారు పిలిపించారు. "చెక్క స్టాండ్లా? మన దగ్గరున్నాయా?"

"నలభై ఒకటి ఉన్నాయి సార్. నాలుగేసి కాళ్లు."

"వాటికి వెనకాల ఏదో నిలువుగా ఉంటుంది కదూ?"

"రిజిస్టరు వెనక్కి పడిపోకుండా సార్."

"పక్కల రెండు చేతులు?"

"పక్కకి జారకుండా."

ఆయన గడ్డం నిమురుకుని చాలాసేపు ఆలోచించారు. "మంచి రూపకల్పన," అన్నారు. 'రికార్డు రక్షణ పీఠములు' అని రాసి సంతకం పెట్టారు. స్టాండు మీద ఒక్క రిజిస్టరే పడుతుంది కాబట్టి హోదాని ఇక మందంలో చూపించాలన్నారు. రత్నమాణిక్యం గారు ఎంతో వినయంగా తుపాను ఏడాదిని తెచ్చి ఆయన పీఠం మీద పెట్టింది. తన టేకు పీఠం మీద జబ్బులూ తుపానులూ లేని ఒక సన్నపాటి ఏడాది వేసుకుంది. కౌంటరు కింది అరలోంచి నాలుగో దిమ్మ తీసి కొట్టించుకుంది.

ఆ నెలలోనే లంకభూముల పట్టాలు తిరగరాయడం మొదలైంది. పెద్దవాళ్ల మరణ ధ్రువపత్రాలు కావాలన్నారు. లంకల్లో పెద్దవాళ్లు చాలామంది పోయింది తుపాను ఏడాదిలోనే. ఒక్కొక్కరూ వచ్చినప్పుడల్లా కమిషనర్ గారు లేవాలి, రిజిస్టరు ఇవ్వాలి, అది తిరిగొచ్చాక కూర్చోవాలి. రోజుకి ముప్ఫైసార్లు, నలభైసార్లు. మొదట్లో రెండు చేతులతో పీఠం పట్టుకుని మూలుగుతూ లేచేవారు. నెలన్నర అయ్యేసరికి చేతులానకుండా చెంగున లేస్తున్నారు. "చూశారా? నా మోకాళ్ల నొప్పి మాయం. అంతా భూస్పర్శ మహిమ!" అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవారు. నొప్పి ఉన్నట్టు ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. డాక్టరు హైమవతి గారు చెప్పిన వ్యాయామం ఆయన చేత నలభైసార్లు చేయిస్తున్నది తనేనని రత్నమాణిక్యం గారు చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కౌంటరు ముందుకి సువార్తమ్మ వచ్చింది. చీపురు బయట పెట్టి, కాళ్లు దులుపుకుని, పైట భుజం మీదికి లాక్కుని, దరఖాస్తు పట్టుకుని నిలబడింది. ఒక కాలు మీద బరువు వేసి, మళ్లీ ఇంకో కాలు మీదికి మార్చుకుంటోంది.

"మా అమ్మదండమ్మగారూ. తుపానుకి పోయింది. నేను అప్పటికి సంకలో పిల్లనంట. పట్టాకి కాయితం కావాలంటన్నారు. ఎక్కడుంటదండి?"

"కమిషనర్ గారి కింద ఉంది."

సువార్తమ్మ ఆ గది తలుపు వైపు బెరుగ్గా చూసింది. "ఇప్పుడు లెగుత్తారంటారా? పొద్దుట్నించి ఆయన్ని ముప్పై మంది లేపారంట. ఇసుక్కుంటారేమో, మళ్లీ వత్తాన్లెండి."

రత్నమాణిక్యం గారి చేతిలో ముద్ర ఆగిపోయింది. పదిహేను రోజులు తనని మెడకి వేలాడదీసుకుని లేపిన మనిషి. సర్వేలో లెక్కకి రాని మోకాళ్లు. టక్కు టక్కుమంటూ ఆవిడ లేచి, కౌంటరు తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"ఇలా కూచో."

"అయ్యో, కుర్సీలోనా? వొద్దమ్మగారూ, నేన్నిలబడతాను."

"కుర్చీ కాదే, ప్రభుత్వ పీఠం. కూచోమన్నానా!"

సువార్తమ్మ ముందు అంచు మీద కూర్చుంది. తర్వాత వెనక్కి జరిగింది. కాళ్లు నెమ్మదిగా కిందికి వదిలింది. ఇరవయ్యారేళ్లలో ఆ ఆఫీసులో ఆవిడని కూర్చోమన్నది అదే మొదలు. రెండు మోకాళ్ల మీదా రెండు అరచేతులూ పెట్టుకుని కూర్చుండిపోయింది.

రత్నమాణిక్యం గారు దరఖాస్తు తీసుకుంది. "నువ్విక్కడే ఉండు," అంది. "ఆయన్ని లేపి, మీ అమ్మని తీసుకొస్తాను."